గుజ్జులో చేరని చక్కెరలు

సుబాబుల్, జామాయిల్ వంటి చెక్క ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో సుమారు 160–170 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉడికించి కాగితపు గుజ్జు తీస్తారు. ఇదే క్రాఫ్ట్ పద్ధతి. తొలగించాల్సింది నారలను అతికించి ఉంచే లిగ్నిన్‌ను. చెక్కలో అది దాదాపు పావు వంతే. కానీ చేతికొచ్చే గుజ్జు చెక్క బరువులో సుమారు సగమే! మిగతాది ఏమైంది?

అందులో ఎక్కువ భాగం హెమీసెల్యులోజ్, కొంత సెల్యులోజ్. రెండూ చక్కెర అణువుల గొలుసులే. క్షారం గొలుసు ఒక చివర నుంచి ఒక్కో చక్కెరను ఊడదీస్తుంది. చివరి అణువు స్థిరమైన ఆమ్లంగా మారితే ఆ ఊడటం ఆగుతుంది. అయితే వేడి బాగా పెరిగితే గొలుసు మధ్యలో తెగి కొత్త చివరలు ఏర్పడతాయి. ఊడటం మళ్లీ మొదలవుతుంది. ఊడిన చక్కెరలు ఆమ్లాలుగా మారి, నల్లటి వ్యర్థ ద్రావణంతోపాటు మిల్లు బాయిలర్‌లో కాలిపోతాయి.

ద్రావణంలో పాలీసల్ఫైడ్ ఉంటే గొలుసు చివర ముందే ఆక్సీకరణం చెంది నిలుస్తుంది. అప్పుడు అంతే గుజ్జుకు తక్కువ చెక్క సరిపోతుంది.