కణం వాకిట్లోనే క్యాన్సర్‌కు కళ్ళెం

మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. దీనినే కణత్వచం అంటారు. కణాన్ని పెరగమని చెప్పే సంకేతాలను అందుకునే ప్రొటీన్లు కొన్ని ఈ పొర మీదే ఉంటాయి. వాటిలో ఒకటి హెర్-2. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుండి 20 శాతం వాటిలో ఇది మోతాదుకు మించి ఉండి, కణాలను వేగంగా పెంచుతుంది.

ట్రాస్టుజుమాబ్ అనే ఇంజక్షన్ మందు ఈ హెర్-2ను కణం బయటే పట్టుకుంటుంది. దానితో సంకేతం ఆగుతుంది. మన రోగనిరోధక కణాలు కూడా ఆ క్యాన్సర్ కణం మీద దాడి చేస్తాయి. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందుకు, మన దేశంలో 2014 నుండి తక్కువ ధర బయోసిమిలర్లు కూడా దొరుకుతున్నాయి.

అయితే హెర్-2 ఎక్కువగా లేనివారికి దీనివల్ల ప్రయోజనం లేదు. అందుచేత బయాప్సీ రిపోర్టులో హెర్-2 ఫలితం ఏమిటో డాక్టరుగారిని తప్పక అడగండి. 3 ప్లస్ అంటే పాజిటివ్. 2 ప్లస్ అయితే ఫిష్ అనే మరో పరీక్ష అవసరం.

ఈ మందు కొందరిలో గుండెను బలహీనపరచవచ్చు. చికిత్సకు ముందు, తర్వాత సుమారు మూడు నెలలకోసారి ఎకో పరీక్ష చేయించుకోవాలి.

రొమ్ములో గడ్డ చేతికి తగిలితే, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు.