ఇంటి వ్రాతకోతలకు ఏ ప్రింటరు?



పాఠశాల కొలువు చాలించిన పిమ్మట మా యింటి వీధియరుగే నాకు కచేరి యైనది. పింఛను దరఖాస్తు వ్రాయించుకొనువారు, పాసుపుస్తకమునకు నకలు కోరువారు, సెల్‌ఫోనులోని ఆధారు కార్డును కాగితముపైకి దింపుమనువారు దినమునకు నలుగురైదుగురు వచ్చుచుందురు. వ్రాయుట నాకు చేతనైన పని. అచ్చు తీయుట కాదు. అందుచే అచ్చు, నకలు, స్కానింగు అను మూడు పనులను తానొక్కటియే చేయు ప్రింటరు నొకదానిని నాలుగేండ్ల క్రిందట కొంటిని. దానిని ఆల్-ఇన్-వన్ అని వ్యవహరింతురు. ఆ కొనుగోలులో నేను చేసిన పొరపాటును, దానివలన నొక పేదరాలికి గలిగిన కష్టమును, పిదప తెలిసికొన్న సంగతులను ఈ పూట మనవి చేసెదను.

దుకాణములో నేనడిగిన ప్రశ్న ఒక్కటే: "వీనిలో తక్కువ వెల దేనిది?" నాలుగువేల రూపాయలకు ఒక సిరాయంత్రమును నా చేతిలో పెట్టిరి. దాని సిరా చిన్న డబ్బీలలో నుండును. కార్ట్రిడ్జి యని దాని పేరు. నెల తిరుగకముందే నల్లసిరా ఐపోయినది. క్రొత్త డబ్బీ ఎనిమిది వందలు. అది నూట యిరువది పుటలకు వచ్చినది. కూర్చుండి లెక్క వేసితిని. పుటకు ఆరు రూపాయల అరువదియేడు పైసలు! బజారులో జిరాక్సు రెండు రూపాయలే. ఆవును చవుకగా కొని, మేతను వెండితూకమున కొనుచున్నానన్నమాట.

అంతటితో పోయిన బాగుండెడిది. వేసవిలో రెండు నెలలు మా అమ్మాయి యింట నుండి వచ్చునప్పటికి యంత్రము మూగవోయినది. సిరాయంత్రపు తలలో వెండ్రుకకన్న సన్నని రంధ్రములు వందల కొలది యుండును. కొన్ని యంత్రములు సిరాను రెప్పపాటులో కాచి, పుట్టిన బుడగచేత బొట్టును కాగితముపైకి నెట్టును. కొన్ని విద్యుత్తు సోకగానే వంగెడు పలుకు నొకదానిచేత నెట్టును. ఎట్లైనను, వారముల తరబడి వాడనిచో సిరా ఆ రంధ్రముల మొగముననే యెండును. శుద్ధి చేయుమని మీట నొక్కితిని. ఆ శుద్ధికే మిగిలిన సిరా యంతయు వ్యయమైనది.

మరునాడు మా వీధిలో భర్త పోయిన యొకామె వచ్చినది. "పంతులుగారూ, మా ఆయన మరణం కాగితం కంప్యూటరులో ఎక్కించి పంపాలంట. ఇయ్యాలే ఆకరి రోజంట" అన్నది. ఫోనుతో తీసి పంపితిమి. అక్షరములు స్పష్టముగ లేవని త్రిప్పికొట్టిరి. సరే, స్కాను చేయుదమని కాగితమును అద్దముపై నుంచితిని. స్కానింగునకు సిరాబొట్టు ఒక్కటియు నక్కరలేదు గదా. అద్దము క్రింద దీపము నడచిన చాలును. కాని నా యంత్రము ఎఱ్ఱదీపము వెలిగించి, సిరా నిండినగాని ఏ పనియు చేయనని మొరాయించినది. ఆమె బస్సు పట్టుకొని పట్టణము చేరునప్పటికి దుకాణము మూసియుండెను. తిరిగి దరఖాస్తు పెట్టుకొనుటకు ఆమెకు ఆరు మాసములు పట్టినది. అది ఆమె తప్పు కాదు. "సిరా లేకున్నను స్కాను చేయునా?" అని ఒక్క మాట దుకాణములో నేనడిగియుండవలసినది.

అప్పటినుండి ఈ విషయమును పాఠమువలె చదివితిని. డబ్బీ యంత్రమునకు ప్రత్యామ్నాయములు రెండు. మొదటిది తొట్టి యంత్రము. ఎప్సన్ సంస్థవారు 2010లో ఇండోనేషియాలో దీనిని మొట్టమొదట విక్రయించిరి. దీనికి డబ్బీలు లేవు. సీసాతో సిరాను తొట్టిలో పోసికొనవచ్చును. కొన్నివందల రూపాయల సీసాతో వేలకొలది పుటలు వచ్చును గాన పుటకు పడునది పైసలే. యంత్రపు వెల మాత్రము నా పాతదానికి మూడింతలు. పిల్లల బొమ్మలు, ఛాయాచిత్రములు నిత్యము తీయువారికి ఇది తగినది. కాని ఇదియు ద్రవపు సిరాయే; వారమున కొక రంగుపుటయైనను తీయుచుండవలెను. ఇంకొకటి: అనేక యంత్రముల రంగుసిరా నీరు తగిలిన కరగును. అంగడిలోనే ఒక పుట తీయించి, ఆరిన తరువాత దానిపై నీటిబొట్టు వేసి చూడుడు. వానలో చేతబట్టుకొని పోవలసిన కాగితములు మనవి.

రెండవది లేజరు యంత్రము. దీని మూలకథ వినదగినది. చెస్టర్ కార్ల్‌సన్ అను అమెరికనుడు పేటెంటు శాఖలో పనిచేయుచు, పత్రములకు నకళ్లు చాలక విసిగి, 1938 అక్టోబరు 22వ తేదీన న్యూయార్కులోని ఆస్టోరియాలో ఒక ప్రయోగము చేసెను. గంధకము పూసిన జింకు పలకను రుమాలుతో రుద్ది విద్యుత్తు పుట్టించి, అక్షరములున్న గాజుపలకను దానిపై నుంచి దీపకాంతి ప్రసరింపజేసి, పొడి చల్లగా, అక్షరములున్న చోటనే పొడి నిలిచెను. దానిని మైనపు కాగితమునకు అంటించెను. గ్రీకుభాషలో "పొడి", "వ్రాత" అను రెండు పదములనుండి ఈ విద్యకు జిరోగ్రఫీ యని పేరు వచ్చినది. మనము శుష్కలేఖన మనవచ్చును. మన బజారులలోని జిరాక్సు శబ్దమునకు మూల మిదియే. పిమ్మట దీపమునకు బదులు లేజరు కిరణముతో వ్రాయునట్టి 9700 అను యంత్రమును జిరాక్సు సంస్థ 1977లో విపణికి తెచ్చెను.

లేజరు యంత్రములోని టోనరు మొదటినుండియు పొడియే గావున ఆరునెలలు ముట్టకున్నను ఎండిపోవునది లేదు. ఆ పొడిని వేడి రోలరు కాగితమునకు కరగించి అతికించును, నీటికి చెదరదు. కాని ఆ వేడికే కొన్ని వందల వాట్ల విద్యుత్తు ఒక్కసారిగా కావలెను. చిన్న ఇన్వర్టరుపై దీనిని పెట్టరాదు. నేరుగా కరెంటు తీగకే తగిలింపుడు. సిరాయంత్రమునకు పదిపదిహేను వాట్లు చాలును. కరెంటు పగలంతయు పోవు ఊరివారు ఈ సంగతిని మరువరాదు.

పెట్టెపై నున్న పుటల సంఖ్యను చూచి మురియవలదు. టోనరు లెక్క, కాగితములో నూటికి సుమారు అయిదు వంతులు మాత్రమే నలుపు పడు పుటకు కట్టినది. నిండుగా వ్రాసిన అర్జీకి అన్ని పుటలు రావు. యంత్రముతో వచ్చు మొదటి డబ్బీ తరచుగా పూర్తిగా నింపినదియు కాదు.

నా యరుగుమీది పని అంతయు నలుపే. అదియు బడులు తెఱచునప్పుడు, పింఛనుల దినములలో మాత్రము హెచ్చు, తక్కిన కాలమున మందము. కావున నలుపు మాత్రమే అచ్చువేయు లేజరు నొకదానిని ఎంచుకొంటిని. ఫోనునుండి వైఫై ద్వారా తిన్నగా అచ్చు తీయును. కంప్యూటరు కొనుపని తప్పినది. మా ప్రక్కయింటి బొమ్మల మాష్టరు తొట్టి యంత్రమే కొనెను. ఆయన పనికి అదే సరి.

కొనునప్పుడు ఇంటిలోని పాత దస్తావేజు నొకదానిని వెంట తీసికొనిపొండు. చాల యంత్రముల అద్దము ఎ4 కాగితమంతయే. అనగా 297 మిల్లీమీటర్ల పొడవు. 356 మిల్లీమీటర్ల లీగలు కాగితము దానిపై పట్టదు. పైన కాగితములను తానే లాగికొను తట్టతో వచ్చు యంత్రములు కొన్ని నిడుపు కాగితములను తీసికొనునుగాని, మడతలవద్ద చిరిగిన పాతపత్రమును దానికి అప్పగింపకుడు, ముక్కలగును. మా తాతగారి నాటి క్రయచీటిని నేను అద్దముపైననే పైసగము ఒకసారి, సంతకములున్న క్రిందిసగము ఒకసారి స్కాను చేసితిని. నడుమ రెండు పంక్తులు రెండింటను వచ్చునట్లు చూచుకొంటిని.