అమ్మువారు తగ్గిన, ధర ఎవరి చేతిలో?

ఒక సరకును అమ్మువారు ముగ్గురు నలుగురే మిగిలినచో ధర ఏమగును? చేనేతవారి మిగులు ఏమగును? జవాబునకు మనము దూరము పోనక్కరలేదు. మన చంద్రపూర్ జిల్లా సిమెంటు కర్మాగారములనే చూతము.

అవార్‌పూర్ కర్మాగారము 2004 నుండి అల్ట్రాటెక్ వారిది. గడ్‌చాందూర్‌లోని మాణిక్‌గఢ్ కర్మాగారము కూడ 2019లో వారికే చేరినది. ఘుగ్గుస్‌లోని ఏ.సి.సి., ఉప్పర్‌వాహీలోని అంబుజా 2022లో అదానీ వారి వశమైనవి. అంతకు పూర్వము ఆ రెండును హోల్సిమ్ అను స్విస్ సంస్థ అధీనములో ఉండెను. నారండాలోని మురళీ కర్మాగారము 2020లో దాల్మియా వారికి వచ్చినది. ఈ అయిదు కర్మాగారములకు యజమానులు ముగ్గురే.

సిమెంటు బరువైన సరకు. దూరమునుండి తెచ్చిన రవాణా ఖర్చు చాల ఎక్కువగును. కనుక కొనువాడు దగ్గరివారితోనే బేరమాడవలెను. పక్కవాడు తగ్గించి బేరము లాగుకొనునను భయము లేనప్పుడు ధర తగ్గించు తొందర ఎవరికుండును?

పెద్ద సంస్థకు బొగ్గు, రవాణా చవుకగా పడుట నిజమే. పెద్దదగుట నేరము కాదు. ఆ ఆదా కొనువానికి చేరుచున్నదా అన్నదే ప్రశ్న. కూడబలుకుకొని ధర కట్టుటను 2002 నాటి పోటీ చట్టము నిషేధించినది. ఆ చట్టము క్రింద పోటీ కమిషన్ 2012లో దేశములోని పలు సిమెంటు కంపెనీలకు 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసినది. ఆ ఉత్తరువు 2015లో కొట్టివేయబడినను, కమిషన్ 2016లో మరల వేసినది. 2018లో అప్పీలు ట్రిబ్యునల్ దానిని సమర్థించగా, కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లినవి.

ఇక మన మగ్గము లెక్క. ఒక చీరకు నూలు, రంగు ఖర్చు 600 రూపాయలు, అమ్మకపు ధర 1,000 అనుకొందము. మిగులు 400. నూలు, రంగు నూటికి 10 వంతున పెరిగిన ఖర్చు 660 అగును. చీర కొను షావుకారు ఒక్కడే అయినచో ధర పెంచడు. మిగులు 340కి దిగును. అనగా సరకు పెరిగినది నూటికి 10, మన కూలి తరిగినది నూటికి 15. కొనుచోట కొద్దిమంది, అమ్ముచోట ఒక్కడు: నడుమ నలుగువాడు నేతగాడు.

అందుచేత మేము కోరునది ఇది. నూలు ఎవరికి వారు కొనక సంఘము ద్వారా కలిసి కొనుడు. 1983లో ఏర్పడిన జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ నూలు సరఫరాను ఉపయోగించుకొనుడు. బట్ట అమ్ముటకు ఒక్క షావుకారునే నమ్ముకొనక రెండవ కొనుగోలుదారును వెదకుడు. అప్పుడే బేరమున మన మాట చెల్లును.