సరుకు కట్టకముందే సంత చూడవలెను

మన రైతులు విత్తు మొదలు నూర్పిడి వరకు పైరును కంటికి రెప్పవలె కాపాడుదురు. కాని ఆ పంటను ఎచ్చట, ఏ రూపమున అమ్మిన లాభమో తెలిసికొనుటకు ఒక్క దినమైనను వెచ్చించువారు అరుదు. కల్లమునకు వచ్చిన వర్తకుడు చెప్పినదే ధర యగుచున్నది. ఆరు నెలల కష్టము అరగంట బేరముతో ముగియుచున్నది. బండి నిండ సరుకుతో పోయినవాడు పొద్దు గ్రుంకులోపల అమ్మి తీరవలెను. వట్టి చేతులతో పోయినవాడు నాలుగు చోట్ల నిలిచి, నలుగురిని అడిగి తెలిసికొనగలడు. కావున అమ్మకమునకు ముందే అంగళ్లు చూచి రావలెనని సభ్యులకు మనవి. కృష్ణానదికి ఇరుప్రక్కల నున్న మూడు తీరుల అంగళ్లను ఉదాహరణముగా గైకొందము.

మొదటిది రైతుబజారు. పంజాబునందు 1987లో ‘అప్నీ మండీ’ అను పేర ఇట్టి అంగళ్లు వెలసినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999 జనవరి 26వ తేదీన రైతుబజారులు ప్రారంభమైనవి. విజయవాడలోని రైతుబజారునకు తెల్లవారుజామున పోయి చూడుడు. గుర్తింపుకార్డు గల రైతు తన కూరగాయలను తానే కొనువారికి అమ్మును. నడుమ దళారి లేడు. ఆనాటి ధరలు పలకపై వ్రాయబడి యుండును. అవి టోకు ధరకు హెచ్చుగను, బయటి చిల్లర ధరకు తక్కువగను ఉండునట్లు నిర్ణయింతురు.

పలకపై ధర చూచి తొందరపడరాదు. వంకాయలకు ఊరిలో వర్తకుడు కిలోకు 18 రూపాయలిచ్చుననియు, బజారు పలకపై 28 రూపాయలున్నదనియు అనుకొందము. 100 కిలోలు తెచ్చిన రైతు 80 కిలోలు ఆ ధరకును, వాడిపోయిన 20 కిలోలు సాయంకాలము 10 రూపాయల వంతునను అమ్మినచో 2,440 రూపాయలు వచ్చును. ఆటో బాడుగ 400, ఒక దినపు కూలి 500, ఫలహారము 60 పోగా మిగులునది 1,480. ఊరిలోనే అమ్మియున్న 1,800 వచ్చెడిది! కార్డులు గల మువ్వురు రైతులు, బజారు అధికారి సమ్మతితో, 300 కిలోలు ఒకే బండిపై తెచ్చి, వంతులవారిగా ఇరువురు కూర్చుండి అదే లెక్కన అమ్మిరనుకొందము. రాబడి 7,320, బాడుగ 500, ఇరువురి ఖర్చు 1,120 పోగా 5,700 మిగులును. తలకు 1,900. మూడవవాడు ఆ దినము తన చేనిలోనే పని చేసికొనును. ధర మారలేదు, తూనిక మారలేదు. కలిసి పోవుటయే నష్టమును లాభముగా మార్చినది.

రెండవది గుంటూరు మిరపయార్డు. ఇచ్చట కిలోలతో పని లేదు, టిక్కీల లెక్క. వర్తకుడు ముందుగా కాయను చేతబట్టి విరిచి చూచును. తేమ యున్నచో ధర తగ్గించును. తాలుకాయలు ఎర్రకాయలతో కలిసియున్న ఆ టిక్కీ అంతయు తక్కువ ధరకు దిగును. తాలు వేరుచేయుటకు కల్లమున నిచ్చిన కూలి ఎంత, వేరుచేసిన కాయకు అధికముగా వచ్చు ధర ఎంత అనునది అచ్చట ఒక్క పూట నిలిచి చూచినవానికే బోధపడును. ఒక ముఖ్యవిషయము గుర్తుంచుకొనవలెను. 1966 నాటి మార్కెట్ల చట్టము ప్రకారము మార్కెట్ రుసుము చెల్లించవలసినవాడు కొనువాడు గాని అమ్ము రైతు కాడు. మీ పట్టీలో ఆ పద్దు క్రింద కోత పడినచో వెంటనే మార్కెట్ కమిటీ కార్యాలయమున అడుగుడు.

మూడవది దుగ్గిరాల పసుపుయార్డు. ఇచ్చట కొమ్ములు వేరు, కాయ వేరు; దేని ధర దానిదే. ఉడుకబెట్టుట, ఎండబెట్టుట, మెరుగుపెట్టుట అను మూడు పనులలో ఏది లోపించినను సరుకు వెలవెలబోవును. 2016 ఏప్రిల్ 14వ తేదీన కేంద్రప్రభుత్వము ఆరంభించిన ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణిలో ఈ యార్డును చేర్చిరి. అందు చేరిన యార్డుల ధరలను ఊరిలో నుండియే ఫోనులో చూడవచ్చును. అయినను అది ఇతరుల సరుకు ధర. తన సరుకు ఏ తరగతిలో నిలుచునో కన్నులార పోల్చి చూచుకొననివానికి ఆ అంకెలు కొరగావు.

చూడబోవువారు ఒక చిన్న పుస్తకము వెంట గొనిపోవలెను. బాడుగ, హమాలీ, కమీషన్, తూనిక తరుగు, సొమ్ము చేతికందుటకు పట్టు దినములు — ఈ అయిదింటిని ప్రతి అంగడిలోను వ్రాసికొనవలెను. పలికిన ధరలోనుండి ఖర్చులు తీసివేయగా ఇల్లు చేరునదే నిజమైన ధర.

అయినను వర్తకుని వద్ద ముందుగా అప్పు తెచ్చి, పంట అతనికే అమ్మెదనని మాట యిచ్చిన రైతునకు ఎన్ని అంగళ్లు చూచినను ఫలమేమి? అతని సరుకు చేనిలో నుండగనే అమ్ముడుపోయినది. పెట్టుబడికి సంఘము అప్పు ఆశ్రయించుటయు, నిలువ ఉండు సరుకును గిడ్డంగిలో నుంచి రసీదుపై అప్పు పొందుటయు ఈ కట్టు విప్పు మార్గములు.

ప్రతి సంఘము పంటకాలమునకు ముందు ఇద్దరు సభ్యులను దారిఖర్చు లిచ్చి అంగళ్లు చూచి రమ్మని పంపవలెను. వారు వ్రాసికొని వచ్చినది సర్వసభ్య సమావేశమున చదివించి, గోడపై అంటింపవలెను. ఇద్దరి బస్సు ఖర్చుతో ఊరంతటికి బేరము తెలియును. అటుపిమ్మట కల్లమునకు వచ్చు వర్తకుడు, ధర తెలిసిన రైతుతో మాటలాడవలసి వచ్చును.