కణితిలో ఎంజైముల ద్విపాత్ర: రక్తనాళ నిరోధకాల విడుదల

కణితి ఒకటి రెండు మిల్లీమీటర్ల పరిమాణం దాటి పెరగాలంటే దానిలోనికి కొత్త రక్తనాళాలు రావలసి ఉంటుందని బోస్టన్‌కు చెందిన శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. ఆ నాళాలు చొచ్చుకొని వచ్చుటకు కణాల మధ్యనున్న కొల్లాజెన్ మొదలగు ప్రోటీన్ల అల్లిక అడ్డుగా ఉంటుంది. దానిని ఛేదించేవి ప్రోటియేజ్ ఎంజైములు. అందువలన ఇవి కణితికి తోడ్పడేవిగానే చాలాకాలం పరిగణింపబడ్డాయి. అయితే ఇది సగం సత్యమే.

ప్రధాన కణితిని తొలగించిన తరువాత, అప్పటివరకు నిద్రాణంగా ఉన్న ఉపకణితులు త్వరితంగా పెరుగుట కొన్ని సందర్భాలలో గమనించబడింది. కొన మొగ్గను తుంచినపుడు పక్క మొగ్గలు చిగురించుట వ్యవసాయ విద్యార్థులకు పరిచితమే. అక్కడ పైనుండి వచ్చే ఆక్సిన్ అడ్డు తొలగుతుంది. కణితి కూడా అటువంటి నిరోధకాన్ని రక్తంలోనికి పంపుతున్నదా? మైఖేల్ ఓరైలీ, ఫోక్‌మన్, వారి సహచరులు ఊపిరితిత్తుల కణితి గల చిట్టెలుకల మూత్రం నుండి ఆ పదార్థాన్ని శుద్ధిచేసి 1994లో ప్రకటించారు. అది సుమారు 38 కిలోడాల్టన్ల ప్రోటీన్ ముక్క. దీనికి యాంజియోస్టాటిన్ అని పేరు పెట్టారు. కణితి తీసివేసిన చిట్టెలుకలకు దీనిని ఇచ్చినపుడు ఉపకణితులు పెరగలేదు.

ఆశ్చర్యకరమైన విషయం దీని మూలం. రక్తపు గడ్డలను కరిగించే ప్లాస్మిన్‌కు పూర్వరూపమైన ప్లాస్మినోజెన్ నుండి ఇది తెగి వస్తుంది. పూర్తి ప్లాస్మినోజెన్‌కు ఈ నిరోధక గుణం లేదు. ఎంజైము కోసినపుడే అది బయటపడుతుంది. కణితిలో చేరిన మాక్రోఫేజ్ కణాల మెటాలోఎలాస్టేజ్ ఈ కోతను చేయగలదని 1997లో తేలింది. అదే సంవత్సరం 18వ రకపు కొల్లాజెన్ చివరి భాగమైన ఎండోస్టాటిన్ వెలుగులోనికి వచ్చింది. దీనిని కాథెప్సిన్-ఎల్, ఎలాస్టేజ్ వంటి ఎంజైములు విడుదల చేయగలవు. 4వ రకపు కొల్లాజెన్ నుండి టమ్‌స్టాటిన్‌ను వేరుచేసేది ఎం.ఎం.పి.-9, నాళాలకు దారి తెరిచే ఎంజైములలో ఇదీ ఒకటి!

ఈ జ్ఞానం పూర్తిగా అందకముందే మెటాలోప్రోటియేజులను మూకుమ్మడిగా అణచే మందులను రోగులపై పరీక్షించారు. ముదిరిన క్యాన్సర్లలో అవి ఆశించిన ఫలితమివ్వలేదు. చికిత్స ఆలస్యంగా మొదలగుట, కీళ్ల నొప్పులు అందుకు కొంత కారణాలు. కణితిని ఆపే ముక్కల ఉత్పత్తి కూడా ఆగిపోవుట మరొక కారణం కావచ్చు. కనుక పరిశోధకులు అడుగవలసినది ఎంజైము మంచిదా చెడ్డదా అని కాదు. ఏ దశలో, ఏ కణం నుండి వెలువడి, ఏ ప్రోటీన్‌ను ఎక్కడ కోస్తున్నది అని.