కండర బలానికి మూలధనం

మన ఉర్లా పారిశ్రామిక వాడలో ఇనుమును కరగించే కొలిమి గాని, కడ్డీలను సాగదీసే రోలింగ్ మిల్లు గాని విద్యుత్తు లేనిదే నిమిషమైనా నడవదు. ఆ యంత్రాల నడుమ బరువులెత్తే చేతికి, నిచ్చెన ఎక్కే కాలికి మాత్రం ఏ తీగా కనిపించదు. ఉదయం ఇంట తిన్న పిడికెడు అన్నం కొన్ని గంటల తరువాత కండరంలో బలమై ఎట్లు వెలువడుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానంలో ముఖ్యమైన భాగాన్ని లోకానికి అందించినవారిలో ఒకరు మన తెలుగువారు కావడం మనకందరికీ గర్వకారణం. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

భీమవరం నుండి బోస్టన్‌కు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చింది. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. 1920ల తొలినాళ్లలో అమెరికా చేరి, బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రి వేళ పనివానిగా పొట్ట పోసుకొంటూ, హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధనకు పూనుకొన్నారు.

శరీర ద్రవాలలో భాస్వరం ఎంత ఉన్నదో నీలి రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వీరిరువురు 1925లో ప్రకటించారు. జీవరసాయన శాస్త్రంలో అది నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగానే ప్రసిద్ధం. ఈ చిన్న కొలబద్దయే పెద్ద రహస్యానికి తాళపుచెవి అయినది.

ఆ రోజులలో కండరం ముడుచుకొనడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని శాస్త్రజ్ఞులు విశ్వసించేవారు. కండరాలపై కృషి చేసిన హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. అయితే కండర రసాన్ని పరీక్షించినపుడు నీలి రంగు ఒక్కసారిగా తేలక, క్రమక్రమంగా చిక్కబడడాన్ని ఫిస్కే, సుబ్బారావులు గమనించారు. సులభంగా విడిపోయే భాస్వర సమ్మేళనమేదో అందులో దాగి ఉన్నదని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేయునపుడు అది తరుగుతుంది. విశ్రమించునపుడు తిరిగి పెరుగుతుంది. 1927లో ఈ సంగతి వెల్లడైనది. ఇంగ్లాండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే కాలంలో స్వతంత్రంగా దీనిని కనుగొన్నారు. 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావులు వేరువేరుగా ఎ.టి.పి. అనే మరొక భాస్వర సమ్మేళనాన్ని కనుగొన్నారు. ప్రాణికోటి అంతటికీ చెల్లుబాటయ్యే శక్తి నాణెం ఇదేనని తరువాతి పరిశోధనలు తేల్చినవి.

ముడుచుకొనే తీరు

మెదడు ఆజ్ఞ నరం ద్వారా కండరానికి చేరగానే, కండర కణంలో నిలువ ఉన్న కాల్షియం విడుదలవుతుంది. ఆక్టిన్ అనే సన్నని పోగులను మయోసిన్ అనే లావు పోగులు పట్టుకొని, పడవవాడు తెడ్డు వేసినట్లు తమవైపు లాగుతాయి. పోగులు పొట్టివి కావు. ఒకదానిపై ఒకటి జారుతాయి, కండరం కురచ అవుతుంది. 1954లో హ్యూ హక్స్లీ, జీన్ హాన్సన్ ఒక జట్టుగా, ఆండ్రూ హక్స్లీ, నీడర్‌గర్కే మరొక జట్టుగా ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు.

విశేషమేమనగా, మయోసిన్ తన పట్టును విడవడానికి కూడా ఎ.టి.పి. కావలెను. మరణానంతరం దేహం కొయ్యబారడానికి కారణమిదే: ఎ.టి.పి. తయారీ ఆగిపోగా, పోగులు పట్టు విడువలేక బిగుసుకొనిపోతాయి. అనగా పనికే కాదు, సడలికకు సైతం శక్తి అవసరం.

నాలుగు ఖజానాలు

కండరంలో నిలువ ఉన్న ఎ.టి.పి. తీవ్రమైన శ్రమకు రెండు మూడు సెకన్లు మాత్రమే చాలును. ఇది చేతిలోని చిల్లర వంటిది. అది ఖర్చు కాగానే ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకొని, మరి 10 సెకన్ల వరకు నెట్టుకొస్తుంది. ఇది పెట్టెలోని సొమ్ము. ఆపైన కండరంలోని గ్లైకోజన్ ప్రాణవాయువు చాలకున్నా కొద్దిసేపు శక్తినిస్తుంది. దీర్ఘశ్రమకు మాత్రం మైటోకాండ్రియాలలో ప్రాణవాయువు సాయంతో పిండిపదార్థాలు, కొవ్వులు దహనం కావలసిందే. మన దేహంలో ఏ క్షణాన చూచినా ఎ.టి.పి. పావు కిలోకు మించదు; కాని ఒక దినంలో తరిగి మరల తయారయ్యే మొత్తం ఇంచుమించు మన బరువంత ఉంటుంది!

తరిగిన ఫాస్ఫోక్రియాటిన్ చాలావరకు పూడడానికి మూడు నుండి ఐదు నిమిషాలు పడుతుంది. బస్తాను దించి నాలుగు నిమిషాలు నిలబడి ఊపిరి తీసుకొనే హమాలీ సోమరి కాడు. ఆ సమయంలో అతని కండరం ఖజానాను నింపుకొంటున్నది.

లెక్క చూచే గుమాస్తాలు

జీవక్రియకు పలువురు కాపలాదారులున్నారు. ఎ.టి.పి. తగ్గిన వెంటనే ఎ.ఎం.పి.కె. అనే ఎంజైము మేల్కొని, చక్కెరను లోనికి రప్పించి, కొవ్వును దహింపజేస్తుంది. పనిచేసే కండరం ఇన్సులిన్ అంతగా లేకున్నా రక్తంలోని చక్కెరను గ్రహించగలదు. మధుమేహ రోగులను వైద్యులు నడవమనడానికి ఇదొక కారణం. మొత్తం దేహపు దహన వేగాన్ని నిర్ణయించేది థైరాయిడ్ గ్రంథి. దానికి అయోడిన్ అవసరం. కారణం లేని అలసట, బరువు పెరగడం, చలికి తాళలేకపోవడం కనిపిస్తే, ముఖ్యంగా గృహిణులు, 'పని ఒత్తిడిలే' అని సరిపెట్టుకొనక రక్తపరీక్ష చేయించుకొనడం మేలు.

వేడిమి ముప్పు

కండరం తాను వెచ్చించే శక్తిలో నాలుగో వంతుకు మించి పనిగా మార్చలేదు, మిగిలినదంతా వేడియే. ఊరకే కూర్చున్న మనిషి సైతం ఇంచుమించు 100 వాట్ల బల్బంత వేడిని వెలువరిస్తాడు. బరువు పనిలో ఇది అనేక రెట్లు పెరుగుతుంది. రాయపూర్ మే నెల ఎండకు కొలిమి సెగ తోడైనపుడు చెమట ఒక్కటే మనకు దిక్కు. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకాలరీల వేడి తొలగుతుంది. కనుక దాహం వేయక మునుపే కొద్దికొద్దిగా నీరు, ఉప్పు కలిపిన మజ్జిగ త్రాగవలెను. సెలవులపై స్వగ్రామం వెళ్లి వచ్చినవారు మొదటి వారం పది దినాలు పనిని క్రమంగా పెంచుకొనవలెను. దేహం వేడికి మరల అలవాటు పడడానికి అంత వ్యవధి అవసరం. తోటివాడు మాట తడబడి, తెలివి తప్పుతున్నట్లు తోచితే, చెమట పట్టినా పట్టకున్నా వడదెబ్బగా భావించి, నీడకు చేర్చి, ఒళ్లంతా నీటితో తడిపి, గాలి విసురుతూ, క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించవలెను.

సుబ్బారావు 1940లో లెడర్లీ సంస్థలో చేరి, ఫోలిక్ ఆమ్లపు కృత్రిమ తయారీ, బోదకాలుకు హెట్రజాన్ వంటి విజయాలకు నాయకత్వం వహించారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. బిళ్లపై బొమ్మ కన్న ఆయన కనుగొన్న సత్యాన్ని పాటించడమే ఆ మహనీయునికి మనమీయగల నివాళి. యంత్రానికి నూనె వేసే వేళను ఎవరూ వృథా అనరు. శ్రమజీవి తీసుకొనే విశ్రాంతి, త్రాగే గ్లాసెడు నీరు కూడా పనిలో భాగమేనని కార్మికుడూ, పర్యవేక్షకుడూ, ఇంటివారూ గుర్తించుదురు గాక!