కాలేజీ మైదానం నుంచి దేశం జట్టు దాకా

హగరి ఏటికి ఇటూ అటూ ఉన్న మన ఊళ్ళలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే ఏమిటి? ఏడాదికోసారి పోటీలు, దానికి ముందు నాలుగు రోజుల సాధన, మొదటి ఆటలో ఓడితే బస్సెక్కి ఇంటికి రావడం. అయితే ఒకప్పుడు తెలుగు గడ్డ మీద ఇదే కాలేజీ ఆటలోంచి వచ్చిన మనిషి దేశం జట్టును తీర్చిదిద్దాడు. ఆ సంగతి ఈ రోజు చెప్పుకుందాం.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. చదువుకునే రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. తరువాత బడి పంతులయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది.

రహీం పద్ధతి చాలా సులువు. బంతిని కాలి దగ్గర ఉంచుకుని ఒంటరిగా పరుగెత్తకూడదని నియమం పెట్టి పోటీలు నడిపారు. అప్పుడు కుర్రవాడు తోటివాడికి బంతి అందించక తప్పదు. వాటం లేని కాలితోనే ఆడాలని మరికొన్ని పోటీలు పెట్టారు. అలా రెండు కాళ్ళూ పదునెక్కాయి.

1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోల్స్ తేడాతో ఓడింది. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. నాలుగేళ్ళకే, 1956లో మెల్బోర్న్‌లో రహీం జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాదే రహీం కన్నుమూశారు.

మరి ఆ వైభవం ఎందుకు నిలవలేదు? ఆ రోజుల్లో ఒక మెట్టు తరువాత ఇంకో మెట్టు ఉండేది. కాలేజీలో బాగా ఆడితే పోలీసు శాఖలోనో, మరో సంస్థలోనో ఉద్యోగం. అక్కడి నుంచి దేశం జట్టు. మేటి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. 1990ల తరువాత ఆటగాళ్ళకిచ్చే ఉద్యోగాలూ తగ్గాయి. ఆటతో బ్రతుకుదెరువు లేదని తెలిశాక, ఏ తల్లిదండ్రులు పిల్లవాణ్ణి మైదానానికి పంపుతారు? 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినా, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో కట్టిన జట్టు డబ్బుతోనే కదులుతుంది. కాలేజీ మైదానం మాత్రం ఊరు విడిచి పోదు.

ఇక మన సంగతి. తోరణగల్లు దగ్గర విజయనగర్‌లో 2018లో పెద్ద క్రీడా శిక్షణ సంస్థ వచ్చింది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి క్రీడా గ్రామం ఉంది. మంచిదే. కానీ ఇలాంటి చోట్ల చేర్చుకునేది ఏరిన కొద్దిమందిని. మిగిలినవారికి కాలేజీయే దిక్కు. ఇటు బళ్ళారిలో విశ్వవిద్యాలయానికీ, అటు అనంతపురంలో విశ్వవిద్యాలయానికీ ఒకే కృష్ణదేవరాయల పేరు. ఈ రెండు వైపుల కాలేజీలూ వారానికొక ఆట ఆడుకుంటే అడ్డేమిటి? దానికి కావలసింది ఒక బంతి, చదునైన నేల, సాయంకాలం మైదానంలో నిలబడే ఒక మాస్టారు.

మీ ఊరి కాలేజీ మైదానంలో కొత్త గదులు కట్టాలన్న మాట వస్తే, ఆటస్థలం ఎక్కడ మిగులుతుందని ఒక్క మాట అడగండి.